పోస్టులో రాని మూడో పాఠం

ఆ కాలంలో మా వరంగల్లులో చదువులు రెండే రకాలు. బడికి పోయి చదివేది ఒకటి, బడికి పోతున్నానని చెప్పి సినిమా హాలుకు పోయి చదవనిది ఇంకొకటి. ఈ రెండూ కాక, ఇంట్లో కూర్చున్నవాడి దగ్గరికి తనే నడిచివచ్చే చదువు ఒకటుందని డెబ్బైల చివరలో మాకు తెలిసింది. దాని అసలు పేరు కరస్పాండెన్స్ కోర్సు. ఆ పేరుకు నోరు తిరగక మావాళ్లంతా టప్పా చదువు అనేవారు (మా వైపు ఉత్తరాన్నీ, పోస్టాఫీసునూ కలిపి టప్పా అనే అంటారు). నెలకొక పాఠం ఖాకీ రంగు కవరులో వస్తుంది. చదివి, వెనకున్న ప్రశ్నలకు జవాబులు రాసి తిరిగి పంపాలి. మాస్టారు కనపడడు, బెత్తం కనపడదు, బెంచీ ఎక్కి నిలబడే పని లేదు. ఇంతకన్నా సుఖమైన చదువు భూమ్మీద లేదని నమ్మి నేను చేరిపోయాను. చేరింది పశువుల డాక్టరు పక్కన నిలబడి సాయం చేసేవాళ్ల కోర్సులో. పాఠాలు పోస్టులో వస్తాయి గానీ పశువులు పోస్టులో రావన్న సంగతి నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది.

నేను ములుగువాణ్ణి. మా నాన్నకు అక్కడ చిన్న కిరాణా కొట్టు. పై చదువుకని నన్ను వరంగల్లులో మేనమామ ఇంట్లో పెట్టారు. మామకు చౌరస్తా దగ్గర చీరల కొట్టు. ఇంటర్మీడియట్ నన్ను వరసగా రెండుసార్లు వద్దనేసరికి ఇంటిల్లిపాదీ దిగులుపడ్డారు గానీ మామ మాత్రం లోలోపల సంతోషించాడు. "నీకు చదువు రాకపోవుడే మంచిగైంది అల్లుడా, కొట్టుకు నమ్మకమైన మనిషి దొరికిండు" అన్నాడు. మామది పెద్ద పొట్ట, పెద్ద గొంతు (పెద్ద మనసు కూడా అని ఇప్పుడు అంటాను, అప్పుడు నాకు గొంతొక్కటే వినపడేది). పొద్దున పరుపు గద్దె మీద కూర్చున్నాడంటే కొట్టు మూసేదాకా లేచేవాడు కాదు. అన్నం, చాయ్, పేపరు, పోస్టు అన్నీ ఆ గద్దె దగ్గరికే వచ్చేవి. ముఖ్యమైన కాగితం ఏదైనా గద్దె కింద పెట్టుకుని దాని మీద కూర్చోవడం ఆయన అలవాటు. మామకు బీరువా అంటే అదే.

కొట్లో నా పని చీర కట్టి చూపించడం. ఇప్పుడు కొట్లలో బొమ్మలు నిలబడుతున్నాయి. అప్పుడు ఆ బొమ్మను నేనే. ప్యాంటు చొక్కా మీదనే చీర చుట్టుకుని, కుచ్చిళ్లు పోసి, కొంగు భుజాన వేసుకుని, వచ్చిన ఆడవాళ్ల ముందు అటు రెండడుగులు, ఇటు రెండడుగులు నడవాలి. ఈ విద్యలో మామ ఘనుడు. ఏ ఊరివాళ్లు ఎలా కడతారో, ఏ వయసువాళ్లు ఎన్ని కుచ్చిళ్లు పోస్తారో, పొలం పని చేసేవాళ్లు గోచి ఎట్లా చెక్కుతారో అంతా ఆయనకు కంఠతా. నాకు మాత్రం కొట్టు కట్టు ఒక్కటే వచ్చు. నడక సరిగా లేకపోతే గద్దె మీద నుంచే "కొంగు జారుతాంది, సూస్కో!" అని కేక. అదీ భరించాను. ఒకరోజు నేను గులాబి రంగు చీర కట్టుకుని నడుస్తుండగా, నాతో ఇంటర్ చదివిన అమ్మాయి వాళ్లమ్మతో కలిసి వచ్చింది. నన్ను కింది నుంచి పైదాకా చూసి, "చీర సంగతేమో గని అమ్మా, రంగు మాత్రం ఈయనకు మంచిగ ఒప్పింది" అంది. వాళ్లు చీర కొనుక్కుని వెళ్లారు. మామ నా వీపు తట్టాడు. నేను ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఏ పని చేసైనా బతుకుతాను గానీ జన్మలో మళ్లీ చీర కట్టనని.

నన్ను కాపాడింది ఒక మేక. కొట్టు ముందు వేలాడదీసిన చీర కొంగును, ఎదురుగా ఉన్న సైకిల్ షాపతని మేక జరీతో సహా తినేసింది. మధ్యాహ్నానికి పొట్ట ఉబ్బి కాళ్లు చాపింది. "మీ చీర తిని మా మేక సావబట్టింది" అని సైకిల్ షాపతను, "మీ మేక తిని మా చీర సచ్చింది" అని మామ బజారంతా వినేటట్టు పోట్లాడుకుంటుంటే, నేను మేకను రిక్షాలో వేసుకుని కొత్తవాడ వైపున్న గొడ్ల దవాఖానకు తీసుకుపోయాను. సర్కారు నౌకరీ చేసి రిటైరైన డాక్టరు సారు సొంతంగా నడుపుకునే దవాఖాన అది. రెండు గదులు, ముందు వాకిలి, వాకిట్లో పశువును నిలబెట్టి కట్టే ఇనుప చట్రం. సారు మనుషులను ఏరా అనీ, పశువులను అమ్మా అనీ, అయ్యా అనీ పిలిచేవాడు. "ఏం తిన్నవయ్యా?" అని మేకనడిగి, జవాబు నేను చెబితే విని, దాని గొంతులో నూనె పోసి, నా చేత పొట్ట రుద్దించాడు. మేక బతికింది. చేతులు కడుక్కుంటూ సారు నన్నడిగాడు, "నువ్వేం పనిజేస్తవురా?"

"చీర కట్టుకుంట సార్."

నోరు జారింది. సారు నన్నొకసారి, మేకనొకసారి చూశాడు. ఇద్దరిలో ఎవరికి వైద్యం కావాలో తేల్చుకుంటున్నట్టు అనిపించి, నా కథంతా చెప్పేశాను. ఆయన చాలాసేపు నవ్వి, "రేపటి సంది ఈడికి రా" అన్నాడు.

అలా గొడ్ల దవాఖానలో చేరాను. వచ్చినవాళ్ల పేరు, పశువు, రోగం చీటీ మీద రాయడం, సూదులు ఉడకబెట్టడం, తోకలు పట్టుకోవడం నా పనులు. తోక పట్టుకోవడంలో ఉన్న గౌరవం కొంగు పట్టుకోవడంలో లేదనిపించింది. కానీ సారు ఒక షరతు పెట్టాడు. "కాయితం లేకుంటె నేను నీ చేతికి సూది ఇయ్య. ఏదన్న పరీక్ష పాసై కాయితం తెచ్చుకో, కంపౌండర్ని చేస్త." మామ ఇంకో షరతు పెట్టాడు. "టప్పా చదువు పాసైతె నీ ఇష్టం అల్లుడా, నేనేమన. తప్పితె మాత్రం మారుమాట లేకుంట వచ్చి నా గద్దె పక్కన కూసోవాలె." సరేనన్నాను. ఇక నా బతుకంతా ఆ ఖాకీ కవర్ల మీద ఆధారపడింది.

దవాఖానకు బోర్డు కూడా లేదు కాబట్టి కోర్సు వాళ్లకు మామ కొట్టు చిరునామానే ఇచ్చాను. మొదటి పాఠం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. మధ్యాహ్నం దవాఖాన ఖాళీగా ఉన్నప్పుడు సారు విడమరిచి చెప్పేవాడు. ఆవుకు పొట్టలో నాలుగు గదులుంటాయని తెలిసిన రోజు, అన్నం తిని గద్దె మీద ఒరిగిన మామను చూసి, అందులో ఎన్ని గదులుంటాయో లెక్కవేశాను. రెండో పాఠంలో జ్వరం చూడటం, నాడి పట్టడం. వారం రోజులు ఇంట్లో ఎవరు చెయ్యి చాపినా నాడి పట్టేవాణ్ణి (పశువుల నాడి తోక కింద పట్టుకోవాలి, ఇంట్లోవాళ్లు ఆ విషయంలో అదృష్టవంతులు). ఆ ఉత్సాహంలో ఒకనాడు భోజనాల దగ్గర, "ఇంకొక్క ఏడాది అయితె నేను ఇగ కొట్టుకు రాను మామా" అని ప్రకటించాను. మామ పెరుగు కలుపుకున్నాడు.

ఆ తర్వాత మూడో పాఠం రాలేదు. నెల చూశాను, నెలా పదిహేను రోజులు చూశాను. టప్పా ఆయన్ను అడిగితే, "సమ్మక్క సాక్షి, నా సంచిల వచ్చింది నా సంచిల ఉండదు బిడ్డా, ఇచ్చే ఉంట, ఏడ ఇచ్చిన్నో యాదికస్తలేదు" అన్నాడు. మామను అడిగితే, "నేను చీరలు సూసుకోవాల్నా, నీ కవర్లు సూసుకోవాల్నా?" అన్నాడు. కోర్సు వాళ్లకు ఉత్తరం రాశాను. 'మూడవ పాఠము పంపబడినది' అని కార్డు వచ్చింది. అందలేదని మళ్లీ రాశాను. 'మా రికార్డు ప్రకారము మీకు అందినది' అని ఇంకో కార్డు వచ్చింది. నాకు అందిందో లేదో నాకన్నా వాళ్లకే బాగా తెలిసినప్పుడు ఇక రాసి లాభమేముంది? అప్పటి నుంచి టప్పా ఆయన్ను రోజూ రోడ్డు మీదనే ఆపి కవరు చేతికి తీసుకోవడం మొదలుపెట్టాను. నాలుగు, ఐదు, ఆరు అన్నీ క్రమం తప్పకుండా వచ్చాయి.

ఒక్క పాఠం పోతే ఏమైందిలే అనుకోవచ్చు. పోయింది మామూలు పాఠం కాదు. 'పశువును సమీపించుట, పట్టుకొనుట' అని పాఠాల పట్టీలో దాని ఇంగ్లీషు పేరుకు అర్థం. తర్వాతి పాఠాలన్నీ, 'మూడవ పాఠములో చెప్పిన విధముగా పశువును పట్టుకొనిన పిమ్మట' అనే మొదలయ్యేవి. పిమ్మట ఏం చేయాలో నాకు నోటికి వచ్చు. ముందు ఏం చేయాలో తెలియదు. మందు ఎట్లా పోయాలో తెలుసు, మూతి ఎట్లా పట్టుకోవాలో తెలియదు. అందుకని ఆ మూడో పాఠాన్ని తన్నులు తిని నేర్చుకున్నాను. ఎద్దు వెనక్కి తంతుందనీ, బర్రె పక్కకు కూడా తంతుందనీ, మేక తన్నదు గానీ చొక్కా తింటుందనీ ఒంటి మీద రాసుకున్నాను. నా కుడి మోకాలు ఇప్పటికీ చలికాలంలో ఆ పాఠాన్ని అప్పజెబుతుంది.

ఆ రోజుల్లోనే కొత్తవాడ నుంచి ఒక అవ్వ వచ్చింది. వాళ్లింట్లో మగ్గం మీద జంపఖానాలు నేసేవాళ్లు. మేం జంపఖానా అవ్వ అనేవాళ్లం. "దుడ్డె సచ్చిపోయింది బిడ్డా, అప్పటి సంది బర్రె శేపుతలేదు" అంది. కిరాణా కొట్టు కొడుకును, చీరల కొట్టు అల్లుణ్ణి, పాలు చెంబులో వస్తాయని తప్ప నాకేం తెలుసు? చీటీ మీద చక్కగా, 'దుడ్డె చనిపోయినది, బర్రె చేపలు తినుట లేదు' అని రాసి లోపలికి పంపాను. సారు చీటీ పట్టుకుని బయటికి వచ్చాడు. "మన బర్లు ఎప్పటి సంది శాపలు తింటున్నయిరా?" అవ్వ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. చేపడమంటే పాలను పొదుగులోకి వదలడమనీ, దూడ మూతి పెడితేనో, అలవాటైన చెయ్యి తగిలితేనో తప్ప బర్రె చేపదనీ, అది చేపకపోతే ఎవరు పిండినా చుక్క రాదనీ ఆ రోజు నాకు తెలిసింది. సారు అవ్వకు మందేమీ ఇవ్వలేదు. "రోజూ అదే మనిషి, అదే వేళ, అదే బట్ట. నువ్వే పిండు, చీర మార్చకు" అన్నాడు. ఇదేం వైద్యం, ఏ పాఠంలోనూ లేదే అనుకున్నాను. అవ్వ మాత్రం ఒక పాత ఆకుపచ్చ నూలు చీరను పాలు పిండే చీరగా పెట్టుకుంది. పది రోజులకు బర్రె దారికొచ్చింది. దాని పేరు లచ్చి.

పాఠాలు పూర్తయ్యాక ఉత్తరం వచ్చింది. పరీక్ష చేసే సారు మేం పనిచేసే చోటికే వస్తాడట, పశువు మీద చేసి చూపించాలట. ఆయన వచ్చింది సరిగ్గా మేడారం జాతర ముగిసిన వారం. తిరుగు బండ్ల ఎద్దులతో వాకిలి నిండిపోయింది. పరీక్ష సారుది సఫారీ డ్రెస్సు, చేతిలో అట్ట, అట్ట మీద కాగితం, ముఖం మీద ఎక్కడా నవ్వు లేదు. వస్తూనే మా డాక్టరు సారుతో, "మీరు చూడవచ్చు, మాట్లాడకూడదు" అన్నాడు. ఆయన వెనకే మామ వచ్చాడు. గద్దె దిగని మామ దవాఖాన దాకా రావడం అదే మొదటిసారి. రిక్షాను గేటు దగ్గరే నిలబెట్టి, "పరీక్ష ఒడువనియ్యి. తప్పితె ఇట్ల నుంచి ఇట్లనే కొట్టుకు పోదం, మల్ల తిరుగుడెందుకు" అని బెంచీ మీద కూర్చున్నాడు.

జ్వరం చూడమన్నాడు, చూశాను. నాడి చెప్పమన్నాడు, చెప్పాను. ఎద్దుకు మందు పోయమన్నాడు, సగం ఎద్దుకు, సగం నా చొక్కాకు పోశాను. ఆయన ఏదో రాసుకున్నాడు. సాయంత్రం పాలు పిండే వేళకు ఆఖరి ప్రశ్న వచ్చింది. "పాలిచ్చే బర్రె నాలుగు చన్నుల నుంచి వేరువేరుగా పాలు తీసి, పొదుగువాపు ఉందో లేదో చెప్పు. నువ్వే తీయాలి." మా సారు ముందే చెప్పిపెట్టడంతో జంపఖానా అవ్వ లచ్చిని తోలుకొచ్చి ఉంది. నాలుగు చిన్న గిన్నెలు పట్టుకుని దగ్గరికి పోయాను. లచ్చి నన్ను వాసన చూసింది. నచ్చలేదు. చన్ను పట్టుకున్నాను. చుక్క రాలేదు. ఇంకా గట్టిగా పట్టుకున్నాను. గిన్నెలు రెండు గాలిలోకి లేచాయి, నేను నేల మీద కూర్చున్నాను. అవ్వ ముందుకు రాబోయింది. "ఆమె ముట్టుకోకూడదు" అన్నాడు పరీక్ష సారు. "సార్, అది శేపుతలేదు" అన్నాను. "శేపించుకో. అదేనయ్యా పరీక్ష" అన్నాడు.

మా డాక్టరు సారు అటు తిరిగి దగ్గాడు. ఆయనకు దగ్గు లేదు. ఎటు చూస్తూ దగ్గాడో నేనూ అటు చూశాను. అవ్వ పచ్చగడ్డి మూట కట్టుకొచ్చిన గుడ్డ. ఆకుపచ్చ నూలు చీర.

అదే మనిషి, అదే వేళ, అదే బట్ట! వేళ సరిపోయింది. మనిషిని నేను కాలేను. ఇక మిగిలింది బట్ట. కానీ ఎవరి ముందు? జాతర నుంచి తిరిగొచ్చిన ముప్పై మంది బండ్లవాళ్లు, సఫారీ డ్రెస్సు సారు, అన్నిటికీ మించి మా మామ. చీర కట్టనని ఏ కొట్టు నుంచి పారిపోయి వచ్చానో ఆ కొట్టు యజమాని బెంచీ మీద కూర్చుని చూస్తున్నాడు. కట్టకపోతే రేపటి నుంచి రోజూ కట్టాలి. ఇవ్వాళ ఒక్కసారి కడితే ఇక ఎప్పుడూ కట్టనక్కర్లేదు. ఈ లెక్క మనసులో తేలగానే గడ్డి కింద పోసి, చీర దులిపి, కొట్లో నేర్చుకున్న విద్యంతా ఉపయోగించి చిటికెలో కట్టేశాను. ఏడు కుచ్చిళ్లు, భుజాన కొంగు, సమంగా వేలాడే అంచు. బండ్లవాళ్లలో ఒకతను ఈల వేశాడు. నేను ఒయ్యారంగా లచ్చి దగ్గరికి నడిచాను (నడక అలవాటుగా వచ్చేసింది, నా తప్పు కాదు). లచ్చి తల తిప్పి చూసింది, ముక్కు ఎగబీల్చింది, చెవులు నిక్కబొడిచింది. ఆశ పుట్టింది. చెయ్యి వేశాను. మిగిలిన రెండు గిన్నెలు కూడా లేచాయి.

పరీక్ష సారు పెన్ను మూత తీశాడు. ఆయన పెన్ను కాగితానికి ఇంకా తగల్లేదు, బెంచీ వైపు నుంచి చౌరస్తా దాకా వినపడే కేక.

"అరే బేవకూఫ్! అది కొట్టు కట్టురా! అవ్వ ఎట్ల కట్టుకుంటదో ఎన్నడన్న సూసినవా? గోచి పెట్టాలె, గోచి!"

మామ లేచాడు. గద్దె మీద నుంచి కూడా అంత త్వరగా లేవగా నేనెన్నడూ చూడలేదు. "ఎవరయ్యా మీరు?" అన్నాడు పరీక్ష సారు. "ముప్పై ఏండ్ల సంది చీరలమ్మేటోన్ని సార్. గొడ్ల సంగతి నాకెర్కలేదు, మాట్లాడ. గని నా కండ్ల ముంగట చీర తప్పు కడితె ఊకుండలేను" అంటూనే వచ్చి, నా ఏడు కుచ్చిళ్లూ ఒక్క గుంజుతో ఊడదీశాడు. పొట్ట అడ్డం వస్తున్నా వంగి, చీరను కాళ్ల నడుమ నుంచి వెనక్కి తీసి గోచి చెక్కాడు, కొంగును నడుముకు బిగించాడు, అంచును మోకాలి కిందికి సర్దాడు. నా చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇగ పో" అన్నాడు. ఆ గొంతు మాత్రం చిన్నగా ఉంది.

అవ్వ దూరం నుంచే, "పేరు పెట్టి పిలువు కొడుకా, సన్నగ పిలువు" అంది. సిగ్గుపడటానికి ఇక ఏమీ మిగల్లేదు కాబట్టి సన్నగానే పిలిచాను. "లచ్చీ, ఇయ్యి తల్లీ, నా బంగారం కద." లచ్చి నన్ను నాకింది. నిట్టూర్చింది. పొదుగు నిండటం నా అరచేతికి తెలిసింది. ఏరి తెచ్చుకున్న నాలుగు గిన్నెల్లోకి నాలుగు ధారలు చుయ్యి చుయ్యిమని పడ్డాయి. బండ్లవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకు కూడా లచ్చి కదల్లేదు. పాలు చూసి, విరుగు లేదనీ, పొదుగువాపు లేదనీ చెప్పాను.

పరీక్ష సారు అట్ట చంకలో పెట్టుకుని దగ్గరికి వచ్చాడు. "ఇది ఏ పాఠంలో ఉందయ్యా?"

నాకు తెలియని పాఠం ఒక్కటే ఉంది కాబట్టి ధైర్యంగా చెప్పాను. "మూడో పాఠంల సార్."

"మూడో పాఠం రాసింది నేనే. అందులో చీర ఎక్కడుంది?"

మా డాక్టరు సారు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఇక దాచలేక, ఆ పాఠం అసలు అందనే లేదనీ, ఎన్ని ఉత్తరాలు రాసినా రాలేదనీ, తన్నులు తిని నేర్చుకున్నాననీ ఉన్నదున్నట్టు చెప్పేశాను. మామకు ఎందుకో అప్పుడే రిక్షా అతనితో పని పడింది, గేటు దగ్గరికి వెళ్లాడు. పరీక్ష సారు చాలాసేపు నా గోచిని చూశాడు. ఆ ముఖంలో పెదవుల చివర ఏదో కదిలింది. "మా నాన్న కూడా మా అమ్మ ఊరెళ్తే ఇలాగే పిండేవాడయ్యా. పాఠం రాసేటప్పుడు గుర్తే రాలేదు" అన్నాడు. పెన్ను కాగితం మీద పెట్టి, పాస్ అని నాకు కనపడేలా రాశాడు. ఆ చీర కట్టుకునే నేను మామ కోసం గేటు దగ్గరికి పరిగెత్తాను. మామ అప్పటికే రిక్షా ఎక్కాడు. "ముందు చీర ఇప్పెయ్యిరా, అవ్వ గడ్డి కట్టుకపోవాలె" అని, రిక్షా అతని వీపు తట్టి పోనిమ్మన్నాడు.

నేను కంపౌండరునయ్యాను. కొత్తవాడలో నా పేరు చీర కంపౌండరుగా స్థిరపడింది. తొమ్మిదేళ్లు గడిచాయి. ఒక ఆదివారం మామ ఇంటికి పోతే కొట్టుకు రంగులేస్తున్నారు, గద్దె పరుపును కూడా దూది ఏకించడానికి బయట వేశారు. గలీబు విప్పుతున్నతను లోపలి నుంచి ఒక కవరు తీసి నా చేతికిచ్చాడు. ఖాకీ రంగు. నా పేరు. ఇన్నేళ్లూ మామ బరువు మోసి, ఇస్త్రీ చేసినదానికన్నా పలచగా అయింది. తెరవకుండానే లోపలేముందో నాకు తెలిసిపోయింది.

"మామా, గిదేంది?"

మామ గోడ రంగు వైపు చూశాడు. "టప్పా ఆయన ఇచ్చిపోయిండు. సాయంత్రం ఇద్దామని కిందేసుకున్న. సాయంత్రం నువ్వొచ్చి, ఇంకొక్క ఏడాదైతె రానంటివి. సరే, రేపిద్దామనుకున్న." గోటితో గోడ మీది రంగు పెచ్చు గీకాడు. "కట్టి సూపెట్టెటోడు మల్ల దొరుకుతడు లేరా. ఇంట్ల ఇంకో మనిషి దొరకడనుకున్న. గని ఆ బర్రె నిన్ను తన్నినప్పుడు నాకే తాకినట్టైంది. ఇంకేం జెయ్యాలె, గోచి చెక్కిన."

కోపం రావాలని చూశాను, రాలేదు. అక్కడే మెట్టు మీద కూర్చుని కవరు చింపి చదివాను. తాళ్లు, ముడులు, బొమ్మలు, బాణం గుర్తులు. నేను తన్నులు తిని నేర్చుకున్నదంతా పన్నెండు పేజీల్లో హాయిగా ఉంది. ఆఖరి పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగి, మామకు తెలుగులో చెప్పాను. "పశువుకు అలవాటైన మనిషి పక్కన నిలబడితె చాలట మామా, సగం బెదురు పోతదట."

"నిజమే. అవ్వ నిలబడ్డది గద బర్రె పక్కన."

"నేను చెప్పేది బర్రె సంగతి కాదు. నా పక్కన నువ్వు నిలబడ్డవు గద."

మామ నన్ను ఎగాదిగా చూశాడు. "అంటె నువ్వు పశువువా?"

"కాకపోతె ఏంది మామా?"

ఇద్దరం నవ్వుతుంటే దూది ఏకే అతను మాకేమైందో తెలియక పని ఆపి చూశాడు. ఇప్పుడు ఆ కొట్టు లేదు, గద్దె లేదు, మామా లేడు. కవరు మాత్రం నా దగ్గరే ఉంది. అప్పుడప్పుడు తీసి చూస్తుంటాను. ఆకుపచ్చ చీరలో సన్నగొంతుతో బర్రెను బతిమాలుతున్న ఆ కుర్రాడు కళ్ల ముందు నిలబడితే ఇప్పటికీ పకపకా నవ్వొస్తుంది. వాడి వెనక, పొట్ట అడ్డం వస్తున్నా వంగి గోచి చెక్కుతున్న మనిషి కూడా కనపడతాడు. అక్కడికి వచ్చేసరికి నవ్వు కాసేపు ఆగుతుంది, కవరు మడిచి నేను కూర్చునే మెత్త కింద పెట్టుకుంటాను.